మరల ఇన్‌స్టాల్ చేసినను మానని రోగము

కంప్యూటరుపై ప్రోగ్రాములు వ్రాయుట నేర్చుకొనుచున్న విద్యార్థులకు తరచుగా ఎదురగు కష్టమొకటి కలదు. నిన్నటి రాత్రి వరకు చక్కగా పనిచేసిన సాధనము నేటి ఉదయము తెరవగానే మూతపడును. ఒక్కొక్కప్పుడు దాని కిటికీ తెరపై మెరసి మాయమగును. ఒక్కొక్కప్పుడు అసలే కనిపింపదు. మరియొకప్పుడు సగము వ్రాసిన పంక్తివద్ద బిగుసుకొనిపోయి, మీటలను ఎంత నొక్కినను పలుకదు. దీనినే వాడుకలో క్రాష్ అగుట యందురు. అట్టి సమయమున ప్రక్కనున్న మిత్రుడు చెప్పు మందు ఒక్కటే: “తీసివేసి మరల ఇన్‌స్టాల్ చేయుము.” విద్యార్థి అట్లే చేయును. పలమనేరు వంటి ఊరిలో ఫోను ద్వారా లభించు ఇంటర్నెట్టుతో గంటల తరబడి కాచుకొని, ఆ సాఫ్టువేరును మరల తెచ్చుకొని స్థాపించును. ఆశతో తెరచును. అది మరల మూతపడును.

ఈ రెండవ పతనమే ఇప్పుడు మనము విచారింపదలచిన విషయము. మొదటి పతనము ఎవరికైనను కలుగవచ్చును. క్రొత్తగా స్థాపించిన వస్తువు కూడ పాత వస్తువువలెనే ఏల పడిపోవుచున్నదను ప్రశ్నకు సమాధానము తెలియనివాడు అక్కడ ఆగడు. అతడు తరువాత పోవుచోటు మరమ్మతు దుకాణము. అచ్చట లభించు మందు మరింత తీవ్రమైనది. దాని పేరు ఫార్మాట్. డిస్కునంతయు తుడిచివేసి, కంప్యూటరును పుట్టిననాటి స్థితికి తెత్తురు. రోగము పోవచ్చును, దానితోపాటు విద్యార్థి యేడాది పొడవున వ్రాసిన ప్రాజెక్టు, స్కాను చేసి దాచుకొన్న సర్టిఫికెట్లు, ఇంటిల్లిపాది ఫొటోలు కూడ పోవును. పరీక్ష వారము దినములున్నదనగా ఇట్లు సర్వస్వము పోగొట్టుకొనుట చిన్న నష్టము కాదు. పోయినవానిలో పెక్కు తిరిగి రావు. పైగా రోగకారణమేదో తెలియకయే పోయినది గావున, అది మరల వచ్చినపుడు అతడు మరల దుకాణమునకే పోవలెను.

మన వైద్యశాస్త్రమున రోగకారణమును కనుగొనుటకు నిదానమని పేరు. మందు నిదానము తరువాతనే కాని ముందు కాదు. కంప్యూటరు విషయమునను ఈ నియమము చెల్లును. నిదానము చేయవలెనన్నచో మొదట శరీర నిర్మాణము తెలియవలెను గదా.

ప్రోగ్రాములు వ్రాయు సాధనమని మనము ఒక్క పేరుతో పిలుచునది నిజమునకు ఒక్కటి కాదు. వ్రాత వ్రాయుటకు ఒక ఎడిటరు, ఆ వ్రాతను యంత్రమునకు తెలియు భాషలోనికి మార్చుటకు కంపైలరు గాని ఇంటర్‌ప్రెటరు గాని, తప్పులు వెదకుటకు డీబగ్గరు, ఇతరులు సిద్ధము చేసి యుంచిన పనిముట్లవంటి లైబ్రరీలు, ఇవి యన్నియు ఒకే కిటికీలో కూర్చబడి యుండును. ఇట్టి కూర్పును సామాన్య జనులకు పరిచయము చేసినవానిలో బోర్లాండ్ కంపెనీ 1983లో విడుదల చేసిన టర్బో పాస్కల్ ముఖ్యమైనది. దాని కంపైలరును రచించినవాడు ఆండర్స్ హెజ్ల్‌బర్గ్. 1987లో అదే కంపెనీ టర్బో సి ని విడుదల చేసెను. మన కళాశాలలలో తరతరముల విద్యార్థులు ఆ నీలపు తెరపైననే సి భాషకు ఓనమాలు దిద్దుకొనిరి. నేటి విద్యార్థులు పైథాన్ భాషతో వచ్చు ఐడిల్, ఎక్లిప్స్, 2015లో మైక్రోసాఫ్ట్ వెలువరించిన విజువల్ స్టూడియో కోడ్ మొదలగువానిని వాడుచున్నారు.

ఈ సాధనములలో ఏది తీసికొనినను, కంప్యూటరులో అది మూడు అంతస్తులుగా నుండును. మొదటిది ప్రోగ్రాము; కంపెనీ పంపిన ఫైళ్లు. విండోస్ యంత్రములలో ఇది కొన్నిసార్లు ప్రోగ్రామ్ ఫైల్స్ అను ఫోల్డరులో నుండును. రెండవది వాడుకరి సొత్తు. అనగా అతడు ఎంచుకొన్న రంగులు, అక్షరముల పరిమాణము, చేర్చుకొన్న ఎక్స్‌టెన్షన్లు, కడపట తెరచిన ఫైళ్ల జాబితా, త్వరగా పనిచేయుటకై సాధనము దాచుకొన్న తాత్కాలిక సామగ్రి. ఇది వాడుకరి పేరుతో నున్న ఫోల్డరులోపల, పెక్కుసార్లు యాప్‌డేటా అను మరుగు ఫోల్డరులోను, చుక్కతో మొదలగు పేర్లుగల ఫోల్డరులలోను ఉండును. మూడవది క్రింది పునాది. విండోస్, దానిపై నున్న ఇతర భాషల రూపములు, తెరను నడపు డ్రైవరు, మెమరీ, డిస్కు.

ఇప్పుడు అసలు రహస్యము బయటపడుచున్నది. సాఫ్టువేరును తీసివేసి మరల ఇన్‌స్టాల్ చేసినపుడు మారునది మొదటి అంతస్తు మాత్రమే. రెండవది, మూడవది చెక్కుచెదరక అట్లే యుండును. ఇది సాఫ్టువేరు వ్రాసినవారి అజాగ్రత్త కాదు, మర్యాద. క్రొత్త రూపము వచ్చినపుడు పాతదానిని తీసి క్రొత్తది పెట్టుకొనువాడు తన అమరికలన్నియు పోగొట్టుకొనరాదని వారు వానిని ముట్టకుండ విడిచిపెట్టుదురు. విజువల్ స్టూడియో కోడ్‌ను తొలగించిన పిమ్మట కూడ వాడుకరి సమాచారముగల ఫోల్డరులు మిగిలియుండుననియు, అవి యక్కరలేనివారు తామే తొలగించుకొనవలెననియు ఆ సాఫ్టువేరు వివరణలోనే చెప్పియున్నారు. ఆరోగ్యమున మేలు చేయు ఈ మర్యాదయే రోగమున కీడుగా మారును. చెడినది రెండవ అంతస్తులో నున్నచో, క్రొత్త ప్రోగ్రాము తెరచిన మరుక్షణమే ఆ చెడిన ఫైలునే చదువును, పాతదానివలెనే పడిపోవును.

పలమనేరు ప్రాంతమున పట్టుపురుగులను పెంచు రైతులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. ఒక పంట రోగముతో పోయినపుడు, షెడ్డును, తట్టలను, చంద్రికలను శుద్ధి చేయక క్రొత్త గుడ్లు తెచ్చి పెంచినచో ఫలితమేమగునో వారెరుగుదురు. గుడ్లు క్రొత్తవే; కాని తట్ట పాతది. అందుకే ప్రతి పంటకు ముందు బ్లీచింగు పౌడరుతోను, సున్నముతోను షెడ్డును శుద్ధి చేయుదురు.

పందొమ్మిదవ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు పట్టు పరిశ్రమను పాడుచేసిన పెబ్రిన్ అను రోగము చరిత్ర ఇచ్చట చెప్పుకొనదగినది. పురుగుల దేహముపై మిరియపు పొడి చల్లినట్లు నల్లని మచ్చలు కనిపించుటవలన దానికి ఆ పేరు వచ్చెను. రైతులు మొదట ఇటలీనుండి గుడ్లు తెచ్చిరి. ఆ గుడ్లును చెడినవి. మరింత దూరదేశములనుండి తెచ్చిరి. కడకు జపానునుండి తెచ్చుకొనవలసి వచ్చెను. ఇట్లు మరల మరల క్రొత్తవి తెచ్చుటయే గాని, రోగము అదుపునకు రాలేదు. 1865లో లూయీ పాశ్చర్ ఆలెస్ పట్టణ ప్రాంతమునకు పోయి, సూక్ష్మదర్శినితో పురుగులను, సీతాకోకచిలుకలను పరీక్షించెను. రోగము తల్లినుండి గుడ్డులోనికిని, మలినమైన ఆకు ద్వారా పురుగునుండి పురుగునకును సంక్రమించుచున్నదని తేల్చెను. గుడ్లు పెట్టిన తల్లిని పరీక్షించి, దానిలో రోగకణములు కనిపించినచో ఆ గుడ్లను నాశనము చేయు పద్ధతిని ఏర్పరచెను. 1870లో ఈ పరిశోధనను గ్రంథముగా ప్రకటించెను. నేటికిని మన గుడ్ల ఉత్పత్తి కేంద్రములలో తల్లి చిలుకను పరీక్షించుట ఆ మార్గముననే జరుగుచున్నది. ఆ పరిశోధనలో మరియొక విశేషమును తేలెను. ఒక్క రోగమని అందరును తలచినది రెండు రోగములు. పెబ్రిన్‌ను అదుపు చేసిన తరువాత కూడ ఫ్లాషెరీ అను వేరొక వ్యాధివలన పురుగులు చచ్చుచుండెను. ప్రోగ్రాములు వ్రాయువాడు ఈ మాటను మనసున నుంచుకొనవలెను. ఒక దోషమును సరిచేసిన తరువాతను సాధనము పడిపోయినచో, మొదటి నిదానము తప్పని తొందరపడి నిర్ణయింపరాదు. క్రింద రెండవ దోషముండవచ్చును.

దోషము ప్రోగ్రాములో గాక అది చదువు సమాచారములో పొంచియుండుటకు తెలుగువారి భాషతోనే ముడిపడిన ఉదాహరణము ఒకటి యున్నది. 2018 ఫిబ్రవరిలో ఐఫోనులలో ఒక తెలుగు అక్షరము ప్రపంచమంతటను కలవరము పుట్టించెను. జకారము, దానికి ఞకారపు వత్తు, తరువాత కంటికి కనిపించని ఒక విభాజక సంకేతము, ఆపై ఆకారపు దీర్ఘము, ఈ క్రమమున కూర్చిన అక్షరమును తెరపై గీయబోయి ఆ ఫోనులలోని వ్రాతను తీర్చు భాగము తడబడెను. ఆ సందేశము వచ్చిన యాప్ తెరవగానే మూతపడుచుండెను. మనము నిత్యము జ్ఞానము అని వ్రాసినపుడు ఆ మరుగు సంకేతముండదు గావున ఆ మాటవలన ప్రమాదము లేకుండెను. ఇచ్చట గమనింపవలసినదేమనగా, యాప్‌లో దోషము లేదు. యాప్ చదువు సందేశములో ఒక కూర్పు కలదు. దానిని గీయవలసిన పునాదిలో లోపము కలదు. యాప్‌ను తొలగించి మరల పెట్టుకొన్నను, అదే సందేశము మరల వచ్చి చేరినచో మరల పతనమే. ఆ సంభాషణను తొలగించినవారికి ఉపశమనము కలిగెను. ఆ సంవత్సరము ఫిబ్రవరి 19వ తేదీన ఆపిల్ కంపెనీ ఐఓఎస్ 11.2.6 రూపమును విడుదల చేసి పునాదిని సరిచేసిన పిమ్మట రోగము పూర్తిగా శాంతించెను.

ఇక నిదానము చేయు విధానమును క్రమముగా చెప్పుకొందము. అన్నింటికంటె ముందు చేయవలసినది వైద్యము కాదు, రక్షణ. సాధనము తెరచుకొనకున్నను, విద్యార్థి వ్రాసిన ప్రోగ్రాములు మామూలు ఫైళ్లే గావున అవి డిస్కులో భద్రముగానే యుండును. వానిని పెన్‌డ్రైవులోనికి గాని, ఇతర స్థలమునకు గాని నకలు తీసికొనవలెను. ఈ యొక్క పని చేసినవానికి తరువాత ఎట్టి పొరపాటు జరిగినను ప్రాణాపాయము లేదు.

రెండవది, యంత్రము చెప్పు మాటను వినుట. తెరపై వచ్చిన ఎర్రర్ మెసేజిని చదువక మూసివేయుట మన విద్యార్థులలో పెక్కుమందికి అలవాటు. రోగి తన బాధ చెప్పుచుండగా వైద్యుడు లేచిపోయినట్లుండును. దానిని ఉన్నదున్నట్లు కాగితముపై వ్రాసికొనవలెను, లేదా ఫొటో తీసికొనవలెను. ఏమియు చెప్పక మాయమగు సాధనములను మాటలాడించుటకు ఉపాయము కలదు. బొమ్మపై నొక్కి తెరచుటకు బదులు, కమాండ్ ప్రాంప్టునుండి పేరు టైపు చేసి తెరచినచో, అది పడిపోవునపుడు తన కడపటి మాటలను ఆ నల్లని కిటికీలో విడిచిపోవును. ఉదాహరణకు పైథాన్‌తో వచ్చు ఐడిల్ మౌనముగా మూతపడినపుడు, ‘పైథాన్’ అనియు, ఖాళీ విడిచి ‘-ఎమ్’ అనియు, మరల ఖాళీ విడిచి ‘ఐడిల్‌లిబ్’ అనియు ఆంగ్లాక్షరములతో టైపు చేసి ప్రారంభింపవలెనని పైథాన్ వివరణ గ్రంథమే సలహా ఇచ్చుచున్నది. ఎక్లిప్స్ వాడువారు తమ వర్క్‌స్పేస్‌లోని చుక్క మెటాడేటా అను ఫోల్డరులో లాగ్ అను ఫైలును చూచినచో జరిగిన కథ యంతయు అచ్చట నుండును.

మూడవది, దోషము ఏ అంతస్తులో నున్నదో నిర్ణయించుట. దీనికి చక్కని పరీక్ష యొకటి కలదు. విండోస్‌లో క్రొత్త వాడుకరి ఖాతా నొకదానిని తెరచి, ఆ ఖాతాలో అదే సాధనమును నడిపి చూడవలెను. క్రొత్త వాడుకరికి పాత అమరికలేవియు నుండవు. అచ్చట సాధనము చక్కగా నడచినచో, ప్రోగ్రాము ఆరోగ్యముగానే యున్నదనియు, పునాదియు చాలవరకు బాగున్నదనియు, దోషము పాత వాడుకరి సొత్తులోనే యున్నదనియు తేలిపోవును. అచ్చటను పడిపోయినచో, దోషము ప్రోగ్రాములోనో పునాదిలోనో వెదకవలెను. పది నిమిషముల ఈ పరీక్ష, పది గంటల రీఇన్‌స్టాల్‌కంటె ఎక్కువ సంగతి చెప్పును.

దోషము వాడుకరి సొత్తులో నున్నదని తెలిసిన తరువాత, ఆ ఫోల్డరును తొలగింపరాదు. పేరు మార్చవలెను. పేరు మార్చినచో సాధనమునకు అది కనిపింపక, క్రొత్త ఫోల్డరును తానే సృష్టించుకొనును. మన ఊహ తప్పినయెడల పాత పేరు మరల పెట్టి మునుపటి స్థితికి రావచ్చును. ఐడిల్ తన అమరికలను వాడుకరి ఫోల్డరులో చుక్క ఐడిల్ ఆర్‌సీ అను ఫోల్డరులో దాచును. అందలి ఫైలు చెడినచో ఐడిల్‌ను ఎన్నిసార్లు మరల స్థాపించినను లాభము లేదు. ఆ ఫోల్డరు పేరు మార్చిన వెంటనే లేచి కూర్చుండును. సాధనము తన అమరికలను వ్రాసికొనుచున్న క్షణముననే కరెంటు పోయినచో, ఫైలు సగమువద్ద తెగిపోవుట కలదు. బ్యాటరీ లేని కంప్యూటర్లు వాడు ఇండ్లలో ఇది అరుదైన సంగతి కాదు.

నాలుగవది, సగములు చేయుట. విజువల్ స్టూడియో కోడ్ వంటి సాధనమునకు విద్యార్థి పదునారు ఎక్స్‌టెన్షన్లు చేర్చుకొన్నాడనుకొందము. వానిలో ఒకటి దోషి. ఒక్కొక్కటిగా తీసి చూచినచో పదునైదు పరీక్షలు కావలసి రావచ్చును. అట్లుగాక ఎనిమిదింటిని ఒక్కసారి ఆపి చూచినచో, దోషి ఏ సగములో నున్నదో తెలియును. ఆ సగమును మరల సగము చేసినచో నాలుగు, తరువాత రెండు, తరువాత ఒకటి. నాలుగే పరీక్షలలో దోషి దొరకును. ముప్పదిరెండు ఎక్స్‌టెన్షన్లున్నను ఐదు పరీక్షలు చాలును. ఈ సగముల పద్ధతిని ఆ సాధనములోనే ఎక్స్‌టెన్షన్ బైసెక్ట్ అను పేర అమర్చియున్నారు. అది ఎక్స్‌టెన్షన్లను తానే ఆపుచు, “ఇప్పుడు బాగున్నదా?” అని అడుగుచు పోవును.

ఐదవది, పేర్ల తగవు. ఇది చూచుటకు చిన్నది, బాధించుటలో పెద్దది. పాచికల ఆట వ్రాయదలచిన విద్యార్థి తన ఫైలునకు ‘రాండమ్’ అని పేరు పెట్టినాడనుకొందము. పైథాన్‌లో అదే పేరుగల లైబ్రరీ ఫైలు కలదు. పైథాన్ వెదకునపుడు ప్రోగ్రామున్న ఫోల్డరునే ముందుగా చూచును గావున, అసలు రాండమ్‌కు బదులు విద్యార్థి వ్రాసిన రాండమ్‌ను తీసికొనును. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు గలవారు ఒక వీథిలో ఇద్దరున్నచో తపాలా మొదటి ఇంటికే చేరినట్లు. ఐడిల్ తన లోపలి పనికి ఆ లైబ్రరీనే వాడుకొనుచున్నది గావున అదియు తెరచుకొనక మొరాయించును. పైథాన్ వివరణ గ్రంథము దీనిని తరచుగా కలుగు కారణములలో ఒకటిగా పేర్కొన్నది. పైథాన్‌ను వందసార్లు మరల స్థాపించినను, ఆ ఫైలు పేరు మార్చువరకు రోగము మానదు.

ఆరవది, ఒకే ఇంట రెండు పైథాన్‌లుండుట. మరల ఇన్‌స్టాల్ చేయువాడు తరచుగా పాతదానికంటె క్రొత్త రూపమును తెచ్చుకొనును. అనగా 3.11 ఉన్నచోట 3.12 కూడ వచ్చి చేరును. పాతదానికై తెచ్చుకొన్న లైబ్రరీలు పాతదానివద్దనే యుండును. క్రొత్తదానికి అవి తెలియవు. కమాండ్ ప్రాంప్టులో ‘వేర్ పైథాన్’ అని టైపు చేసినచో, యంత్రమునకు దారి తెలిసిన పైథాన్‌లు ఎచ్చటెచ్చట నున్నవో జాబితా వచ్చును. అందు మొదట కనిపించునదే మనము పిలిచినపుడు పలుకును. ప్రాజెక్టునకు ప్రత్యేకముగా ఏర్పరచుకొన్న వర్చువల్ ఎన్విరాన్‌మెంటు కూడ తన మూల పైథాన్ ఏ ఫోల్డరులో నున్నదో వ్రాసికొనియుండును. ఆ పైథాన్‌ను తీసివేసి వేరొక చోట స్థాపించినచో, పాత చిరునామాకు పోయి ఎవరును లేరని తిరిగి వచ్చును. దానిని బాగుచేయుటకు ప్రయాసపడనక్కరలేదు. లైబ్రరీల జాబితాను ఒక ఫైలులో వ్రాసియుంచుకొన్నవాడు క్రొత్తదానిని ఏర్పరచుకొని, ఆ జాబితా చూచి అన్నింటిని మరల తెచ్చుకొనవచ్చును.

మూడవ అంతస్తు, అనగా పునాదికి సంబంధించిన రోగములు కొన్ని కలవు. పైన చెప్పిన టర్బో సి డాస్ కాలమునాటిది; 16 బిట్ల ప్రోగ్రాము. 64 బిట్ల విండోస్ అట్టి ప్రోగ్రాములను నడుపదు. ఇది రోగము కాదు, స్వభావము. ఎన్నిసార్లు స్థాపించినను స్వభావము మారదు. డాస్‌బాక్స్ అను సాఫ్టువేరు పాతకాలపు యంత్రమును అనుకరించును గావున, దానిలో ఉంచి నడుపుటయో, నేటి కంపైలరునకు మారుటయో చేయవలెను. కోడ్ బ్లాక్స్ అను సాధనము కంపైలరుతో కూడినది, కంపైలరు లేనిది అని రెండు మూటలుగా లభించును. కంపైలరు లేని మూటను తెచ్చుకొన్నవాడు దానినే ఎన్నిసార్లు మరల పెట్టుకొన్నను, లేని కంపైలరు రాదు. తెరను నడపు డ్రైవరునకును సాధనమునకును పొసగక కిటికీ తెల్లగానో నల్లగానో ఉండిపోవుట మరియొకటి. విజువల్ స్టూడియో కోడ్‌ను ‘డిసేబుల్ జీపీయూ’ అను సూచనతో ప్రారంభించినచో ఈ సందేహము తీరును. డిస్కు నిండిపోయినచో అమరికలు వ్రాయుటకు చోటు లేక పడిపోవు సాధనములును కలవు.

కడపట యంత్రపు మెమరీయే చెడియుండవచ్చును. దీనిని గుర్తించుటకు ఒక సూచన: సాఫ్టువేరు దోషము సాధారణముగా అదే పని చేసినపుడు, అదే చోట, అదే మాటతో కనిపించును. మెమరీ దోషము నేడొకచోట, రేపొకచోట, ఈ ప్రోగ్రామని ఆ ప్రోగ్రామని లేక అన్నింటిని పడగొట్టును. అట్టి అనుమానము కలిగినచో విండోస్‌లోనే ఉన్న మెమరీ డయాగ్నస్టిక్ అను పరీక్షను నడుపవచ్చును. అప్పుడు మాత్రమే మరమ్మతు దుకాణమునకు పోవుట న్యాయము. అదియు, “మెమరీ పరీక్షలో దోషము కనిపించినది, దీనిని చూడుడు” అని స్పష్టముగా చెప్పుటకే.

ఇంత చెప్పుటవలన రీఇన్‌స్టాల్ నిష్ప్రయోజనమని భావింపరాదు. తెచ్చుకొన్న ఫైలు దారిలో సగమువద్ద తెగిపోయియున్నను, స్థాపించుచుండగా కరెంటు పోయినను, యాంటీవైరస్ పొరబడి ఒక భాగమును బంధించినను, మొదటి అంతస్తు చెడినట్లే. అప్పుడు మరల స్థాపించుటయే సరియైన మందు. కాని అప్పుడును ఊరక పైన మరల స్థాపింపక, పూర్తిగా తొలగించి, మిగిలిన ఫోల్డరుల పేర్లు మార్చి, యంత్రమును ఒకసారి ఆపి ప్రారంభించి, అధికారికమైన చోటునుండి తెచ్చుకొన్న క్రొత్త ఫైలుతో స్థాపింపవలెను. యాంటీవైరస్ బంధించిన భాగమున్నచో దానిని ముందుగా విడిపింపవలెను. లేకున్న క్రొత్తది కూడ చెరలో పడును.

ఈ పరీక్షలన్నింటికి వర్తించు నియమమొక్కటి కలదు. ఒక్కసారికి ఒక్కటి మాత్రమే మార్చవలెను. ఆందోళనలో నున్నవాడు అమరికలు తుడిచి, డ్రైవరు మార్చి, క్రొత్త రూపము స్థాపించి, ఎక్స్‌టెన్షన్లు తీసివేసి, అన్నింటిని ఒకేసారి చేయును. సాధనము లేచినచో దేనివలన లేచినదో తెలియదు. లేవకున్న, మొదటి దోషమేదో, తాను క్రొత్తగా కలిగించిన దోషమేదో తెలియదు. ప్రక్కన ఒక నోటుపుస్తకము పెట్టుకొని, ఏమి మార్చినది, ఏమి జరిగినది వరుసగా వ్రాసికొనినచో మూడు నాలుగు మెట్లలోనే దారి కనిపించును.

ఆ నోటుపుస్తకము మరియొక విధముగా కూడ ఉపకరించును. తనవలన కాక ఉపాధ్యాయుని గాని, అనుభవజ్ఞుని గాని అడుగవలసి వచ్చినపుడు, “సార్, నా పైథాన్ పనిచేయుటలేదు” అనువానికి ఎవరును ఏమియు చెప్పలేరు. “విండోస్ 11లో పైథాన్ 3.12 నిన్న స్థాపించితిని. ఐడిల్ తెరచుకొనుటలేదు. కమాండ్ ప్రాంప్టులో ఈ మాట వచ్చినది. క్రొత్త ఖాతాలో చక్కగా నడచుచున్నది” అని చెప్పినవానికి సగము సమాధానము ప్రశ్నలోనే యున్నది. వినువాడు మిగిలిన సగమును ఒక నిమిషములో చెప్పగలడు.

పలమనేరునుండి బెంగుళూరు దారిపట్టి సాఫ్టువేరు పనికి పోవలెనని ఆశపడు విద్యార్థులు పెక్కుమంది కలరు. వారు తెలిసికొనవలసిన సత్యమేమనగా, ఆ వృత్తిలో క్రొత్త ప్రోగ్రాము వ్రాయుటకు పట్టు కాలమెంతో, నడచుచున్నది ఏల ఆగినదని కనుగొనుటకు పట్టు కాలము తరచుగా దానికి తీసిపోదు. తన గదిలో మొరాయించుచున్న సాధనమును తుడిచివేయక, దానిని ప్రశ్నించి, కారణము రాబట్టిన విద్యార్థి ఆ వృత్తిలోని ముఖ్యమైన పాఠము నొకదానిని రుసుము లేకుండగనే నేర్చుకొన్నవాడగును. కావున సాధనము మరల మూతపడినపుడు మొదట నకలు తీసికొనుడు, పిమ్మట అది చెప్పు మాట వ్రాసికొనుడు, ఆ పిమ్మట క్రొత్త ఖాతాలో నడిపి చూడుడు. ఈ మూడు పనులును ఒక సాయంకాలములో ముగియును. ఫార్మాట్ మాట ఆ తరువాత ఆలోచింపవచ్చును. పెక్కుసార్లు ఆ యవసరమే కలుగదు.